అస్తమించిన ఐదు ఫెన్ల వైద్యం

1985 జనవరి 25న చైనా కమ్యూనిస్టు పార్టీ పత్రిక పీపుల్స్ డెయిలీలో ఒక వార్త వచ్చింది. ఇకమీదట 'చెప్పుల్లేని డాక్టర్' అన్న పేరు వాడబోమని, పరీక్ష పాసైనవాళ్ళను గ్రామ వైద్యులంటారని, కానివాళ్ళు ఆరోగ్య సహాయకులుగా మిగులుతారని ఆ వార్త సారాంశం. పదిహేను లక్షల మందికి పైగా మోసిన పేరు అది. ప్రపంచంలో పేద దేశాలన్నీ అసూయతో, ఆశతో తలుచుకున్న పేరు. అది పోయిన రోజున ఎవరూ సంతాప సభ పెట్టలేదు. పెట్టాల్సిన అవసరం కూడా కనిపించలేదు కాబోలు, ఎందుకంటే పేరు పోయేనాటికే ప్రాణం పోయి మూడు నాలుగేళ్ళయింది.

ఒక దేశపు ప్రజావైద్యం కూలిపోవడం గురించి మాట్లాడేటప్పుడు మనం సాధారణంగా చట్టాలు, వేలాలు, అమ్మకాల పత్రాలు ఊహించుకుంటాం. ఫలానా రోజున ఫలానా మంత్రి సంతకం పెట్టాడు, అప్పటినుంచి ఆసుపత్రులు ప్రైవేటువాళ్ళ పాలయ్యాయి అని. చైనా పల్లెల్లో అలా జరగలేదు. అక్కడ వైద్యాన్ని ప్రైవేటుపరం చేయాలని ఎవరూ తీర్మానం చేయలేదు. అయినా ఐదారేళ్ళలో 80 కోట్ల మంది పల్లెజనం జబ్బు చేస్తే తమ జేబు తప్ప మరో దిక్కు లేని స్థితికి వచ్చారు. అది ఎలా జరిగిందో ఒకసారి నెమ్మదిగా చెప్పుకోవాలి.

1949లో కొత్త చైనా పుట్టేనాటికి సగటు ఆయుర్దాయం 35 ఏళ్ళ దగ్గర ఉంది. పుట్టిన ప్రతి వెయ్యి మంది బిడ్డల్లో దాదాపు 200 మంది ఏడాది తిరగకుండానే పోయేవారు. యాంగ్సీ నదికి దక్షిణాన వరి పొలాల నీళ్ళలో నత్తల ద్వారా వ్యాపించే షిస్టోసోమియాసిస్ అనే జబ్బు ఉండేది. కాళ్ళు నీళ్ళలో పెట్టి నాట్లు వేసినవాడి పొట్ట ఉబ్బి, ఒళ్ళు ఎండి, ఊళ్ళకు ఊళ్ళే ఖాళీ అయ్యేవి. కోటి మందికి పైగా ఆ జబ్బుతో ఉన్నారని అంచనా. చదువుకున్న డాక్టర్లు కొద్దిమంది, వాళ్ళూ షాంఘై, బీజింగ్ వంటి నగరాల్లో.

కొత్త ప్రభుత్వం 1950లోనే వైద్యం రైతులకూ కూలీలకూ సైనికులకూ ముందు అందాలని, రోగం వచ్చాక మందు వేయడం కంటే రాకుండా చూడటం ముఖ్యమని తేల్చుకుంది. జనం పారలు పట్టుకుని పాత కాలువలు పూడ్చి కొత్తవి తవ్వారు. నత్తల్ని మట్టిలో పాతేశారు. 1958లో జియాంగ్సీ రాష్ట్రంలోని యూజియాంగ్ జిల్లా ఆ జబ్బునుంచి బయటపడిందన్న వార్త చదివి మావో ఒక కవితే రాశాడు. మరుసటి ఏడాదినుంచి మూడేళ్ళ పాటు అదే ప్రభుత్వపు తప్పుడు విధానాల వల్ల వచ్చిన కరువులో కోట్ల మంది ఆకలితో చనిపోయారు. ఈ రెండూ ఒకే దేశంలో, ఒకే పాలనలో జరిగాయి. చైనా వైద్యాన్ని పొగిడేవాళ్ళు రెండోదాన్ని దాటేసి వెళ్ళకూడదు.

1965 జూన్ 26న మావో ఆరోగ్య శాఖ మీద విరుచుకుపడ్డాడు. దేశంలో ఎక్కువమంది పల్లెల్లో ఉంటే ఈ శాఖ నగరాల దొరలకే సేవ చేస్తున్నదని నిలదీశాడు. ఆ మందలింపు కాగితం మీదనుంచి మట్టి మీదకు దిగిన కథ మాత్రం మావోది కాదు. అది హూబెయ్ రాష్ట్రంలో ఛాంగ్యాంగ్ జిల్లా కొండల్లో ఉన్న లెయువాన్ అనే కమ్యూన్ కథ. కమ్యూన్ అంటే కొన్ని ఊళ్ళు కలిసి ఉమ్మడి సేద్యం చేసే ఏర్పాటు, అందులో ఒక్కో ఊరి విభాగం బ్రిగేడ్.

ఆ కొండల్లో ఉండేవాళ్ళు ఎక్కువగా తూజియా తెగవారు. 1965 చలికాలంలో అక్కడ తట్టు, కోరింత దగ్గు ప్రబలి పిల్లలు చనిపోయారు. మందుకు డబ్బుల్లేక, డాక్టరు దగ్గరికి దారి లేక చనిపోయారు. కమ్యూన్ ఆసుపత్రిలో పనిచేసే ఛిన్ షియాంగ్వాన్ అనే యువ వైద్యుడు ఇదంతా కళ్ళారా చూశాడు. అతను ఎదిగింది ఆ కొండల్లోనే. 1966 ఆగస్టులో అతను ఊరివాళ్ళతో కలిసి ఒక లెక్క వేశాడు. మనిషికి ఏడాదికి ఒక యువాన్. బ్రిగేడ్ ఉమ్మడి నిధి నుంచి మనిషికి మరో అర యువాన్. అలా పోగైన డబ్బుతో ఊరికి మందులు. చూపించుకోవడానికి వచ్చినవాళ్ళు ప్రతిసారీ ఐదు ఫెన్లు కడితే చాలు. యువాన్‌లో నూరో వంతు ఫెన్.

తర్వాత అతను చేసిన పని ఇంకా పెద్దది. నెలజీతం వచ్చే ఆసుపత్రి ఉద్యోగం వదులుకుని, పొలంలో పనిచేసే రైతులకు ఎలా పని పాయింట్లు రాస్తారో తనకూ అలాగే రాయమన్నాడు. పంట బాగుంటే తనకూ బాగుంటుంది, పంట పోతే తనకూ పోతుంది. కొండవాలులో మూలికల తోట వేయించాడు. అక్కడి మొక్కలనే ఎండబెట్టి, దంచి, కాచి మందులు చేశారు. మందు కొనాల్సిన చోట కొన్నారు, పండించగలిగిన చోట పండించారు. 1968 డిసెంబర్ 5న పీపుల్స్ డెయిలీ మొదటి పేజీలో ఈ ఊరి కథ వచ్చింది. ఆ తర్వాత దేశమంతా అదే బాట పట్టింది.

అదే ఏడాది షాంఘై శివార్లలోని జియాంగ్‌జెన్ కమ్యూన్ గురించీ పత్రికల్లో వచ్చింది. అక్కడ వాంగ్ గుయిజెన్ అనే రైతు యువతి కొద్ది నెలల శిక్షణతో మందుల సంచి భుజాన వేసుకుని పొలాల వెంట తిరిగేది. వరి మడిలో పనిచేసేవాళ్ళకు చెప్పులుండవు, ఆమెకూ లేవు. నాట్లు వేస్తూ, మధ్యలో ఎవరికైనా జ్వరమంటే గట్టెక్కి చేతులు కడుక్కుని వచ్చేది. జనం పెట్టిన 'చెప్పుల్లేని డాక్టర్' అన్న పేరు దేశమంతా పాకింది. 1975లో వచ్చిన 'చున్‌మ్యావ్' అనే సినిమాకు ఆమె జీవితమే ఆధారం.

ఆ సంచిలో ఏముండేది? థర్మామీటర్, సూదులు, ఆక్యుపంక్చర్ సూదులు, కొన్ని మాత్రలు, అయోడిన్, దూది, ఒక చేతిపుస్తకం. 1969లో అచ్చైన ఆ చేతిపుస్తకంలో కాన్పు చేయడం నుంచి పాముకాటు దాకా, బావినీళ్ళు శుద్ధి చేయడం నుంచి మరుగుదొడ్డి కట్టడం దాకా అన్నీ బొమ్మలతో ఉండేవి. ఈ చెప్పుల్లేని డాక్టర్లు చేసిన పనుల్లో గొప్పవి రోగికి మందిచ్చినవి కావు. టీకాలు వేశారు. ఏ ఇంట్లో ఎవరు గర్భవతో తెలుసుకుని వెళ్ళారు. ఊరి నీళ్ళు, ఊరి పేడకుప్పలు, ఊరి దోమలు, అన్నీ తమ బాధ్యతగా చూసుకున్నారు. తమ చేతిలో లేని రోగమైతే కమ్యూన్ ఆసుపత్రికి, అక్కడా కాకపోతే జిల్లా ఆసుపత్రికి పంపారు. జిల్లా నుంచి పల్లె దాకా మూడు మెట్లు. రోగి ఏ మెట్టు మీద ఉన్నా పై మెట్టుకు దారి తెలిసేది.

1976 నాటికి దేశంలో పదింట తొమ్మిది బ్రిగేడ్లలో లెయువాన్ తరహా ఉమ్మడి నిధి వైద్యం, అంటే సహకార వైద్యం, నడిచింది. 1982 నాటికి ఆయుర్దాయం 68కి చేరింది. శిశుమరణాలు వెయ్యికి 200 నుంచి 34కు దిగాయి. ప్రపంచంలో ఇంత పేద దేశం ఇంత తక్కువ ఖర్చుతో ఇంతమంది ప్రాణాలు కాపాడిన ఉదాహరణలు చాలా తక్కువ. తిండి మెరుగుపడటం, ఆడవాళ్ళు చదువుకోవడం కూడా ఇందులో ఉన్నాయి, నిజమే. అయినా ఊరూరా ఆ సంచి లేకపోతే ఈ అంకెలు లేవు.

లోపాలు లేవని కాదు. మూడు నెలల నుంచి ఆరు నెలల శిక్షణతో వచ్చినవాళ్ళు పొరపాట్లు చేశారు. కొన్నిచోట్ల సహకార నిధి ఏడాది మధ్యలోనే ఖాళీ అయ్యేది. బ్రిగేడ్ నాయకుల బంధువులకు మంచి మందులు, మిగతావాళ్ళకు ఆకుపసరు అన్న ఫిర్యాదులు ఉండేవి. అవే రోజుల్లో సాంస్కృతిక విప్లవం పేరుతో నగరాల్లో పెద్ద డాక్టర్లను వీధుల్లో అవమానించారు, వైద్య కళాశాలలు మూతపడ్డాయి. పల్లెకు మేలు చేసిన చేయీ పండితుణ్ణి కొట్టిన చేయీ ఒకటే. ఈ విషాదానికి మూలం కూడా అక్కడే ఉంది. ఆ తర్వాత వచ్చినవాళ్ళు ఆ చేతి మీద కోపంతో అది నాటిన మంచి మొక్కనూ పట్టించుకోలేదు.

1974లో వాంగ్ గుయిజెన్ జెనీవాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సభలో మాట్లాడింది. 1976లో ఛిన్ షియాంగ్వాన్ మనీలా వెళ్ళి తన కొండ ఊరి లెక్కలు వివరించాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అధిపతి హాఫ్‌డన్ మాలర్ అంతకుముందు ఇండియాలో క్షయ నివారణ పథకంలో ఏళ్ళ తరబడి పనిచేసినవాడు. పేదల ఊళ్ళకు నగరాల ఆసుపత్రుల నమూనా పనికిరాదని అతనికి ఇక్కడే తెలిసింది. 1977లో మన దేశంలో జనతా ప్రభుత్వం ఊరికో ఆరోగ్య కార్యకర్త పథకం మొదలుపెట్టినప్పుడు దాని వెనక ఉన్నదీ చైనా స్ఫూర్తే. 1978 సెప్టెంబర్‌లో అప్పటి సోవియట్ యూనియన్‌లోని ఆల్మా ఆటా నగరంలో దేశాలన్నీ కూడి, 2000 నాటికి అందరికీ ఆరోగ్యం అని ప్రకటించాయి. ఆ సభకు ప్రాణం పోసిన అనుభవం చైనాది. సోవియట్లతో వైరం వల్ల చైనా ఆ సభకే రాలేదు.

ఆ సభ ముగిసిన మూడు నెలలకు చైనాలో కాలం మారింది.

1978 డిసెంబర్‌లో కమ్యూనిస్టు పార్టీ కేంద్ర కమిటీ సమావేశం, మావో తర్వాత పగ్గాలు పట్టిన డెంగ్ షియావోపింగ్ సంస్కరణలకు తలుపు తెరిచింది. అదే చలికాలంలో అన్హుయ్ రాష్ట్రంలోని షియావ్‌గాంగ్ అనే ఊళ్ళో 18 మంది రైతులు రహస్యంగా వేలిముద్రలు వేసి ఉమ్మడి భూమిని పంచుకున్నారు. కరువులో ఆ ఊళ్ళో ఎంతోమంది పోయారు. తమ భూమి తాము దున్నుకుంటే తిండి గింజలైనా మిగులుతాయని వాళ్ళ ఆశ. ఆ ఆశ నిజమైంది. పంటలు పెరిగాయి, పల్లెల్లో కడుపులు నిండాయి. ఆ రైతుల తెగువను తప్పు పట్టడానికి నాకు నోరు రాదు. 1983 నాటికి కమ్యూన్లు దేశమంతటా రద్దయ్యే దశకు వచ్చాయి.

కమ్యూన్ పందిరి అయితే సహకార వైద్యం దాని మీద పాకిన తీగ. పందిరి చెదలు పట్టింది, పీకాల్సిందే. పీకేముందు తీగకు మరో గట్టి ఆధారం వేయలేదు. బ్రిగేడ్ లేకపోతే బ్రిగేడ్ ఉమ్మడి నిధి లేదు. పని పాయింట్లు లేకపోతే డాక్టరుకు కూలి లేదు. ఎవరి పంట వాళ్ళ ఇంటికి చేరాక ఊరందరి మందుల కోసం యువాన్ వసూలు చేసే మనిషి లేడు. బీజింగ్ నుంచి పైసా రాలేదు. 1976లో పదింట తొమ్మిది ఊళ్ళలో ఉన్న సహకార వైద్యం 1985కి వందకు ఐదు ఊళ్ళకు పడిపోయింది. తొంభై నుంచి ఐదుకు! యుద్ధం రాలేదు, భూకంపం రాలేదు. శాంతి కాలంలో, దేశ సంపద ఏటేటా పెరుగుతున్న కాలంలో జరిగిందిది.

ఊళ్ళో మిగిలిన వైద్య కేంద్రాలను ఆ డాక్టర్లకే కౌలుకిచ్చారు, లేదా అమ్మేశారు. నిన్నటిదాకా ఊరి పాయింట్లతో బతికిన మనిషి ఈరోజు నుంచి అమ్మిన మందు మీద లాభంతో బతకాలి. కొందరు సంచి పక్కన పెట్టి పొలానికి పోయారు. కొందరు పట్నం పోయి కూలీలయ్యారు. ఉండిపోయినవాళ్ళు బతకడం నేర్చుకున్నారు. బావిలో క్లోరిన్ వేస్తే ఎవరూ డబ్బివ్వరు. మరుగుదొడ్డి గురించి చెబితే ఎవరూ డబ్బివ్వరు. సెలైన్ సీసా ఎక్కిస్తే ఇస్తారు. యాంటీబయాటిక్ సూది వేస్తే ఇస్తారు. జలుబుకూ సెలైన్, నీరసానికీ సెలైన్. మన పల్లెల్లో ఆర్‌ఎంపీ డాక్టరు దగ్గర మంచం మీద పడుకుని సెలైన్ ఎక్కించుకున్నవాళ్ళకు ఈ దృశ్యం వేరుగా వర్ణించి చెప్పనక్కర్లేదు. తేడా ఒక్కటే. మనకు అది మొదటినుంచీ ఉన్న లేమి, వాళ్ళకు అది ఉన్నదాన్ని పోగొట్టుకోగా వచ్చినది. ఆ గ్రామ వైద్యులు చెడ్డవాళ్ళు కాలేదు. రోగం వస్తేనే తమ ఇంట్లో పొయ్యి వెలిగే ఏర్పాటులోకి వాళ్ళను ఎవరో నెట్టేశారు.

పై మెట్ల మీదా ఇదే జరిగింది. ఆసుపత్రి బోర్డుల మీద 'ప్రజా ఆసుపత్రి' అన్న అక్షరాలు అలాగే ఉన్నాయి. ప్రభుత్వం భవనం కట్టిస్తుంది, సిబ్బంది తిండి మాత్రం వాళ్ళే సంపాదించుకోవాలి అన్నది అప్పటి నీతి. 1978లో దేశపు మొత్తం వైద్య ఖర్చులో ప్రభుత్వం వాటా 32 శాతం ఉంటే 2000 నాటికి దాదాపు 15 శాతానికి దిగింది. జనం తమ జేబులోంచి పెట్టే వాటా 20 శాతం నుంచి దాదాపు 60 శాతానికి ఎగబాకింది. డాక్టరు చూసినందుకు ఫీజును ప్రభుత్వం చాలా తక్కువగా ఉంచింది, పేదలకు అందుబాటులో ఉండాలని. మందుల మీద 15 శాతం లాభం వేసుకోనిచ్చింది, కొత్త యంత్రాలతో చేసే పరీక్షలకు మంచి ధర పెట్టుకోనిచ్చింది. ఇక ఆసుపత్రి ఏం చేస్తుంది? మందులు ఎక్కువ రాసింది. స్కానింగులు ఎక్కువ తీసింది. ఎవరు ఎంత రాబడి తెచ్చారో చూసి డాక్టర్లకు బోనస్ ఇచ్చింది. ఆపరేషన్‌కు ముందు డాక్టరు చేతిలో డబ్బున్న ఎర్రకవరు పెట్టడం ఆచారమైంది. బయానా కట్టందే మంచం లేదు.

పల్లెల్లో అప్పుడు పుట్టిన సామెతలు వింటే గుండె బరువెక్కుతుంది. చిన్న జబ్బు ఈడ్చుకో, పెద్ద జబ్బు ఓర్చుకో అన్నారు. అంబులెన్స్ ఒకసారి కూత పెడితే ఏడాదంతా మేపిన పంది పోయినట్టే అన్నారు. 1999లో 90 కోట్ల పల్లెజనంలో ఏదో ఒక ఆరోగ్య బీమా ఉన్నవాళ్ళు వందకు ఏడుగురు. 2003 జాతీయ సర్వేలో, ఆసుపత్రిలో చేరాలని డాక్టరు చెప్పినా చేరనివాళ్ళు పదికి ముగ్గురు తేలారు. వాళ్ళలో అత్యధికులు చెప్పిన కారణం డబ్బు. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వైద్య ఖర్చు భారం న్యాయంగా పంచుకోవడంలో 191 దేశాలకు వరుస పెడితే చైనా 188వ స్థానంలో నిలిచింది. పాతికేళ్ళ కింద అదే సంస్థ సభలో ప్రపంచానికి పాఠం చెప్పిన దేశం!

నత్తలు తిరిగొచ్చాయి. కాలువల మీద కన్నేసి ఉంచేవాళ్ళు లేక షిస్టోసోమియాసిస్ తొంభైల చివరనుంచి మళ్ళీ కొన్ని జిల్లాల్లో తల ఎత్తింది. అంటువ్యాధుల నివారణ కేంద్రాలు కూడా తమ జీతాలు తామే సంపాదించుకోవాల్సి వచ్చింది కాబట్టి, డబ్బు వచ్చే తనిఖీల వైపు వెళ్ళాయి, డబ్బు రాని నిఘాను వదిలాయి.

హెనాన్ రాష్ట్రంలో జరిగింది వీటన్నిటికంటే ఘోరం. తొంభైల మొదట్లో అక్కడి ఆరోగ్య శాఖకు రాబడి దారి కావాల్సి వచ్చింది. ఊళ్ళలో పేదరైతులకు డబ్బు కావాల్సి వచ్చింది. రక్తంలోని ప్లాస్మా కొనే కేంద్రాలు పుట్టగొడుగుల్లా మొలిచాయి. కొన్ని పదుల యువాన్ల కోసం రైతులు వరుసల్లో నిలబడి చేతులు చాచారు. అందరి రక్తం కలిపి యంత్రంలో తిప్పి, ప్లాస్మా తీసుకుని, మిగిలిన ఎర్రకణాలను మళ్ళీ వాళ్ళ ఒంట్లోకి ఎక్కించారు. ఒకరి హెచ్‌ఐవీ అందరిదైంది. షాంగ్‌సాయ్ జిల్లాలోని వెన్‌లోవ్ వంటి ఊళ్ళలో ఇంటింటా ఎయిడ్స్ చావులు. దీన్ని బయటపెట్టడానికి డాక్టర్ గావ్ యావ్‌జ్యే అనే వృద్ధ మహిళ ఊరూరా తిరిగింది. సొంత డబ్బుతో కరపత్రాలు అచ్చు వేసింది, అనాథ పిల్లలను ఆదుకుంది. అధికారులు ఆమెను గృహనిర్బంధంలో ఉంచారు. 2023 డిసెంబర్‌లో 95 ఏళ్ళ వయసులో ఆమె న్యూయార్క్‌లో కన్నుమూసింది. ప్రజల రక్తాన్ని కాపాడాల్సిన శాఖే రక్తం వ్యాపారం చేసిందన్న మాట నాకు ఎన్నిసార్లు రాసినా చెయ్యి వణుకుతుంది.

తొంభైల్లో పాత సహకార వైద్యాన్ని నిలబెట్టాలని ఆరోగ్య శాఖ కొంత ప్రయత్నించింది. రైతుల నుంచి ఆ కాస్త చందా వసూలు చేయడం కూడా రైతు మీద అక్రమ భారం కింద లెక్కేస్తామని మరో శాఖ అడ్డుపడింది. ఆ ప్రయత్నం అక్కడే చతికిలబడింది.

నేరుగా అమ్మేసిన చోటు కూడా ఉంది. జియాంగ్సు రాష్ట్రంలో సుచ్యెన్ అనే పేద నగరం. ఖజానాలో డబ్బుల్లేవు, ఆసుపత్రులు బరువైపోయాయి. 2000 నుంచి మూడు నాలుగేళ్ళలో అక్కడి పార్టీ కార్యదర్శి చ్యూ హ నాయకత్వంలో 130కి పైగా ప్రభుత్వ ఆసుపత్రులను, పల్లె ఆసుపత్రులతో సహా, దాదాపు అన్నిటినీ అమ్మేశారు. 2003లో నగర ప్రధాన ఆసుపత్రిలో పెద్ద వాటా ఒక మందుల కంపెనీకి పోయింది. దేశం మొత్తం అటే చూసింది. సంస్కరణవీరుడని పత్రికలు పొగిడాయి. 2006లో పెకింగ్ విశ్వవిద్యాలయం నుంచి లీ లింగ్ బృందం వెళ్ళి చూసి, జనానికి వైద్యం చౌక కాలేదని, భారం తగ్గలేదని రాసింది. చివరికి ఆ నగరమే ప్రభుత్వ ధనంతో మళ్ళీ కొత్త ప్రజా ఆసుపత్రి కట్టుకుని 2016లో తెరిచింది. అదే ఏడాది చ్యూ హకు లంచాల కేసులో పద్నాలుగున్నరేళ్ళ జైలుశిక్ష పడింది. అమ్మడానికి మూడు నాలుగేళ్ళు పట్టింది, తిరిగి ఒక్కటి కట్టుకోవడానికి పదేళ్ళకు పైగా పట్టింది.

పాలకుల కళ్ళు తెరిపించింది పేదల చావు కాదు. ఇది చెప్పడానికి బాధగా ఉన్నా చెప్పాలి. 2002 చివర గ్వాంగ్‌డాంగ్‌లో పుట్టిన సార్స్ 2003 వసంతంలో బీజింగ్‌ను తాకింది. సంఖ్యలు దాస్తున్నారని జియాంగ్ యాన్యోంగ్ అనే సైనిక వైద్యుడు బయటపెట్టాడు. ఏప్రిల్ 20న ఆరోగ్య మంత్రిని తొలగించారు. అప్పుడు తెలిసింది, పట్నాల నుంచి పారిపోయిన కూలీలు జ్వరంతో ఊరు చేరితే అక్కడ వాళ్ళను గుర్తించే మనిషే లేడని. బిల్లు భయంతో రోగి ఆసుపత్రి గుమ్మం తొక్కకపోతే ఆ రోగం మంత్రుల ఇంటికీ వస్తుందని. సార్స్ రోగులకు ఉచిత చికిత్స ప్రకటించారు. చైనా ప్రధాన భూభాగంలో ఐదు వేల మందికి పైగా జబ్బు పడి, 349 మంది చనిపోయాక పల్లెవైద్యంలోని ఖాళీ ప్రభుత్వానికి గట్టిగా కనిపించింది.

అదే 2003లో కొత్త సహకార వైద్య పథకం మొదలైంది. రైతు పది యువాన్లు, కేంద్రం పది, స్థానిక ప్రభుత్వాలు పది. 2005లో ప్రభుత్వానికే చెందిన అభివృద్ధి పరిశోధనా కేంద్రం, అప్పటిదాకా జరిగిన వైద్య సంస్కరణలు మొత్తం మీద విఫలమయ్యాయని నివేదికలో ఒప్పుకుంది. 2009లో పెద్ద ఎత్తున ప్రభుత్వ ధనం పెట్టారు. 2017 నాటికి ప్రభుత్వ ఆసుపత్రులన్నిటిలో మందుల మీద లాభం తీయడం నిషేధించారు. ఈ పనులన్నీ మంచివే. నేడు చైనా పల్లెల్లో దాదాపు అందరికీ బీమా కార్డు ఉంది. అయితే కార్డు ఖర్చులో కొంత భాగమే భరిస్తుంది, మిగతాది కుటుంబానిదే. ఇంటికి వచ్చి బావినీళ్ళు చూసే మనిషి పోయాడు, బిల్లులో కొంత తిరిగిచ్చే కౌంటర్ వచ్చింది. ఆరోగ్యశ్రీ కార్డు చేతిలో ఉన్నా ఊళ్ళో ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరు లేని బాధ తెలిసిన తెలుగువాళ్ళకు ఈ తేడా తెలుసు.

ఈ కథలో హైదరాబాద్ కూడా ఉంది. జియాంగ్సులోని వూషీ నగరానికి చెందిన ఒక చిన్న వ్యాపారికి 2002లో రక్త క్యాన్సర్ వచ్చింది. స్విట్జర్లాండ్ కంపెనీ మందు నెలకు 20 వేల యువాన్లు దాటేది. అంత పోస్తే ఎంత ఆస్తయినా కరిగిపోతుంది. 2004లో అతనికి మన హైదరాబాద్ నాట్కో ఫార్మా తయారుచేసిన వీనాట్ గురించి తెలిసింది. అదే మందు, అందులో చిన్న వంతు ధరకు. తను తెప్పించుకున్నాడు, తోటి రోగులకు తెప్పించుకునే దారి చూపాడు. చైనాలో అనుమతి లేని మందు కాబట్టి అక్కడి చట్టం దాన్ని నకిలీ మందుగా లెక్కేసింది. 2013లో అతన్ని అరెస్టు చేశారు. వందలాది రోగులు అతన్ని విడిచిపెట్టమని సంతకాలు పెట్టారు. 2015లో ప్రభుత్వం కేసు ఉపసంహరించుకుంది. ఈ కథ ఆధారంగా 2018లో వచ్చిన సినిమా చైనాలో థియేటర్లను కన్నీళ్ళతో నింపింది. ఐదు ఫెన్లకు వైద్యం చేసి చూపించిన దేశంలో, ప్రాణం దక్కించుకోవడానికి రోగులు చట్టాన్ని దాటి మన ఊరి ఫ్యాక్టరీ మాత్ర కోసం చేయి చాచారు.

ఛిన్ షియాంగ్వాన్ 2008లో చనిపోయాడు. అప్పటికి కొత్త సహకార పథకం దేశంలో చాలా జిల్లాలకు చేరింది. తను వేసిన లెక్కలోని అసలు సూత్రం, డాక్టరు బతుకు ఊరి ఆరోగ్యంతో ముడిపడి ఉండాలన్నది, అందులోకి తిరిగి రాలేదు. నా దృష్టిలో ఈ పతనానికి కారణం సంస్కరణ కాదు, పేదరికం కాదు, పాత వ్యవస్థలోని లోపాలు కూడా కాదు. కమ్యూన్లను రద్దు చేసిన రోజున, పల్లె డాక్టరు జీతం ఇకమీదట ఎవరిస్తారన్న ప్రశ్నకు బీజింగ్ నిలబడే జవాబు ఇవ్వకపోవడం కారణం. ఆనాటి చైనా ఖజానాకు ఆ జీతం భరించలేనంత పెద్దది కాదని నా నమ్మకం.

ఆ పదిహేను లక్షల మందిలో బతికి ఉన్నవాళ్ళు ఇప్పుడు డెబ్బై, ఎనభై ఏళ్ళవాళ్ళు. వాళ్ళు ప్రభుత్వ ఉద్యోగులు కారు కాబట్టి ఉద్యోగుల పింఛను లేదు. రైతులుగానే లెక్క. ఇరవై ఏళ్ళుగా జిల్లా కార్యాలయాల ముందు, రాష్ట్ర రాజధానుల్లో అర్జీలు పట్టుకుని నిలబడుతూనే ఉన్నారు. కొన్ని రాష్ట్రాలు పనిచేసిన ఏళ్ళను లెక్కగట్టి నెలకు కొద్దిపాటి భత్యం ఇస్తున్నాయి. చాలామంది దగ్గర తాము పనిచేశామని చూపడానికి కాగితం లేదు. ఏ బ్రిగేడ్ లెడ్జర్‌లో వాళ్ళ పాయింట్లు రాశారో ఆ బ్రిగేడే ఇప్పుడు లేదు. వాళ్ళు టీకాలు వేసిన పిల్లలే నేడు ఆ దేశాన్ని నడుపుతున్నారు. సాక్ష్యం కావాలంటే ఆ పిల్లల్ని అడిగి, బతికుండగానే ఆ ముసలివాళ్ళకు పూర్తి పింఛను ఇవ్వాలి.